ఆస్ట్రేలియా మనకు ఆగ్నేయాన ఉండగా దాన్ని పాశ్చాత్య దేశం అని ఎందుకంటున్నాం?

ప్రశ్న – బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

నేను తొమ్మిదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతున్నాను. గోడకు వేలాడదీసిన ప్రపంచ పటంలో ఆస్ట్రేలియా మనకు ఆగ్నేయంగానూ, మొరాకో రాజధాని రబాత్ లండన్‌కన్నా పడమరగానూ ఉన్నాయి. అయినా పత్రికల్లో ఆస్ట్రేలియాను పాశ్చాత్య దేశాల సరసన చేర్చుతారు, మొరాకోను మాత్రం చేర్చరు. ఇదేమిటని పిల్లలు అడుగుతున్నారు. పటంలో ఐరోపాను నడిమధ్యన పెట్టడం వల్ల మనకు ఈ ఆలోచన అలవడిందా, లేక ఆలోచన ముందే ఉంటే పటాన్ని దానికి తగ్గట్టు గీశారా? పెద్దలు చెప్పగలరు.

జవాబు – పటమట చరిత్ర లెక్చరర్ (విశ్రాంత)

మాస్టారూ, ఉత్తర దక్షిణాలకు ధ్రువాలున్నాయి కాబట్టి వాటి హద్దులు భూమి తిరిగే తీరులోనే ఉన్నాయి. తూర్పు పడమరలకు అలాంటి చివర ఏదీ లేదు కనుక ఎక్కడో ఒకచోట గీత గీసి లెక్క మొదలుపెట్టక తప్పదు. ఇప్పుడు వాడుకలో ఉన్న, లండన్‌లోని గ్రీనిచ్ మీదుగా వెళ్లే గీతను 1884లో వాషింగ్టన్ సమావేశంలో ఓటింగు పెట్టి ఒప్పుకున్నారు. 22 దేశాలు ఔనన్నాయి, ఒకటి కాదంది, ఫ్రాన్సు, బ్రెజిల్ తటస్థంగా ఉండిపోయాయి. ఆనాటి నౌకల్లో ఎక్కువ భాగం బ్రిటిషు సముద్ర పటాలనే వాడుతుండటం ఇందుకు ముఖ్య కారణం. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్య సిద్ధాంతం లంక, ఉజ్జయిని, కురుక్షేత్రాల మీదుగా వెళ్లే రేఖను మూలంగా తీసుకుంది. ఆ లెక్కన మన విజయవాడ ఆ మూలరేఖకు దాదాపు ఐదు డిగ్రీల తూర్పున పడుతుంది, అంటే ఇక్కడ సూర్యోదయం సుమారు ఇరవై నిమిషాలు ముందు. పంచాంగకర్తలు దేశాంతర సంస్కారం అంటూ సరిచేసేది ఈ తేడానే.

పటంలో పైన ఉత్తరమే ఉండాలన్న నియమం కూడా పాతది కాదు. 1154లో అరబ్బు భూగోళవేత్త అల్ ఇద్రీసీ సిసిలీ రాజు కోసం గీసిన పటంలో దక్షిణం పైన ఉంటుంది. 1300 ప్రాంతపు ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్ పటంలో తూర్పు పైన, జెరూసలేం నడుమ ఉంటాయి.

జవాబు – గవర్నర్‌పేట దస్తావేజు లేఖరి

నేను చరిత్రకారుణ్ణి కాను గానీ, మా వృత్తిలోని ఒక సంగతి మీ పాఠానికి పనికొస్తుందేమో. స్థలం అమ్మకపు దస్తావేజులో హద్దులు రాసేటప్పుడు మేము తూర్పుతో మొదలుపెడతాం: తూర్పు ఫలానా వారి ఇల్లు, దక్షిణం పంచాయతీ రోడ్డు, తర్వాత పడమర, ఉత్తరం. దాని వెనక జతచేసే ప్లానులో మాత్రం ఉత్తరం బాణం పైకి ఉంటుంది. ఒకే స్థలానికి ఒకే కాగితాల కట్టలో రెండు ఆచారాలు! సర్వేయరు బాణం చూస్తాడు, కొనేవారు తూర్పు గుమ్మం వస్తుందా అని చూస్తారు.

జవాబు – కృష్ణలంక పాఠకుడు

పై ఇద్దరి మాటలూ నిజమే గానీ, ఈ నిందంతా పటం మీద వేయడం నాకు సమ్మతం కాదు. అమెరికా, సోవియట్ కూటముల మధ్య ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్ తూర్పు ఐరోపా కింద లెక్క, ఆస్ట్రియా రాజధాని వియన్నా పశ్చిమం కింద లెక్క. పటం తీసి చూస్తే వియన్నాయే ప్రాగ్‌కు తూర్పున ఉంటుంది. గ్రీసు, టర్కీ అంతకన్నా తూర్పున ఉండి కూడా 1952లో అమెరికా తదితర దేశాల సైనిక కూటమి నాటోలో చేరి పశ్చిమ కూటమి వైపు లెక్కకు వచ్చాయి. అంటే ఎవరు ఏ కూటమిలో ఉన్నారో, ఎవరి వలస ఎక్కడ స్థిరపడిందో, ఏ భాష, ఏ మతం, ఏ పాలన నడుస్తున్నాయో చూసి ఆ పేరు పెట్టారన్నమాట. ఆస్ట్రేలియా సంగతీ అంతే, అక్కడ బ్రిటిషు వలస 1788లో మొదలైంది. పటం చేసిందల్లా ఆ పేర్లు దిక్సూచి చెప్పిన సహజ సత్యాల్లాగా కనిపించేటట్టు చేయడం. అది చిన్న పనేమీ కాదనుకోండి.

ప్రశ్న వేసినవారు – బ్రాడీపేట మాస్టారు

కృష్ణలంకవారూ, మీ వాదన బలంగా ఉంది. అయితే పిల్లల చేత ప్రత్యక్షంగా చేయించదగినది ఏదైనా ఉంటే చెప్పండి. ప్రాగ్, వియన్నా పేర్లు వాళ్లకు కొత్త.

జవాబు – పటమట చరిత్ర లెక్చరర్

గ్లోబు, దారం తీసుకోండి. మీ తరగతిలో సగం మందికి డల్లాస్‌లో బంధువులు ఉండే ఉంటారు. అమెరికా ఎటు అని అడిగితే అందరూ పడమర చూపిస్తారు. గుంటూరు మీద ఒక కొస ఆనించి, డల్లాస్ దాకా దారాన్ని బిగుతుగా లాగండి. మన రేఖాంశం 80 డిగ్రీల తూర్పు దాటి, డల్లాస్‌ది దాదాపు 97 డిగ్రీల పడమర కాబట్టి ఆ ఊరు భూగోళానికి ఇంచుమించు మనకు సరిగ్గా అవతలి వైపున ఉంది. దారం హిమాలయాలు దాటి ఉత్తర ధ్రువం పక్కనుంచి వెళుతుంది. బయలుదేరిన దిక్కు దాదాపు నేరుగా ఉత్తరం. అదే దారాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు లాగితే ఈశాన్యం వైపు, న్యూజెర్సీకి లాగితే వాయవ్యం వైపు కొంత ఒరుగుతుంది. ఆ తర్వాత జపాన్‌లో అచ్చయిన ప్రపంచ పటం ఒకటి చూపించండి. పసిఫిక్ మధ్యలో ఉండి అమెరికా కుడివైపున, ఐరోపా ఎడమ అంచున కనిపిస్తాయి. వియన్నా ప్రస్తావన పదో తరగతికి దాచుకోవచ్చు.