ఈ బుల్లి ఈగ ఏది? ఫొటో చూసి ఎంతవరకు చెప్పొచ్చు?

మంచుబిందువు:
బాత్రూమ్ గోడ మీద రోజూ కనిపిస్తోందండీ. 2 మిల్లీమీటర్లకు మించదు. ఫోన్‌కి క్లిప్ లెన్స్ తగిలించి పైనుంచి తీశాను. ఫొటో చూసి పేరు చెప్పే యాప్ ఒకసారి పళ్ల ఈగ అంటుంది, ఇంకోసారి ఫంగస్ గ్నాట్ (తడి మట్టి దగ్గర తిరిగే సన్నటి ఈగ) అంటుంది. ఫొటో మసగ్గా ఉంది, తిట్టకండి. నాకు జాతి పేరు కావాలి.

రెక్కల_లెక్క:
తిట్టం గానీ, ఈ ఒక్క ఫొటోతో జాతి దాకా వెళ్లలేం. ఈగల గుర్తింపులో సగం పని రెక్క ఈనెలదే. మీ ఫొటోలో లైటు పడి రెక్క తెల్లగా మెరిసిపోయింది, ఒక్క ఈనె కూడా కనబడట్లేదు. పక్కనుంచి ఒకటి, ఎదురుగా ముఖం ఒకటి, రెక్క ఒకటి తీయండి. ఫ్లాష్ ముందు టిష్యూ పేపర్ అడ్డుపెడితే మెరుపు తగ్గుతుంది. అన్నట్టు, అది గోడ మీద ఎలా కదులుతోంది?

పాతకెమెరా:
నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఈగ మొత్తం ఫోకస్‌లోకి రావాలని లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి (ఎఫ్/22) ఏడాది పాటు తీశాను. చిన్న రంధ్రంలో వెలుగు చెదిరి మసకబారడం (డిఫ్రాక్షన్) వల్ల ఒక్కదాంట్లోనూ వెంట్రుకలు విడిగా కనబడలేదు. ఇప్పుడు రంధ్రం కాస్త పెద్దది చేసి, ఎఫ్/8 దగ్గర పెట్టి, ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పదిహేను ఫొటోలు తీసి కలుపుతున్నాను. ఈగ కాలు కదిపిందా, అంతా వృథా. అందుకే చిన్న డబ్బాలో పట్టి నాలుగైదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెడతాను. బయటికి తీశాక ఒక నిమిషం మత్తుగా ఉంటుంది, ఆ తర్వాత దాని దారిన అది పోతుంది. పక్కన స్కేలు పెట్టడం మరిచిపోకండి.

మంచుబిందువు:
ఫ్రిజ్‌లో డబ్బా చూసి ఇంట్లో పెద్ద గొడవే అయింది :) మొత్తానికి నాలుగు ఫొటోలు పెట్టాను. వీపు గూనిగా ఉంది, తల కిందికి వంగి ఉంది. రెక్క ముందంచు దగ్గర లావు ఈనెలు, మిగతావి వెలిసిపోయిన గీతల్లా ఏటవాలుగా ఉన్నాయి. తరిమితే ఎగరదు, ఆగి ఆగి పరిగెడుతుంది.

రెక్కల_లెక్క:
ఫోరిడే కుటుంబం (గూని ఈగలు), అనుమానం లేదు. గూని వీపు, ఆ పరుగు, ముందంచున లావు ఈనెలు, మూడూ కలిశాయి. పళ్ల ఈగ అయితే మీసం మీది వెంట్రుక ఈకలా కొమ్మలు వేసి ఉండేది. ఫంగస్ గ్నాట్‌కి కాళ్లు పొడుగు, మీసాలు పూసలు గుచ్చినట్టుంటాయి, రెక్క మధ్యలో ఒక ఈనె పంగలా చీలుతుంది. బాత్రూమ్‌లో తరచుగా కనిపించే ఇంకోటి డ్రెయిన్ ఫ్లై, దాని రెక్కల నిండా నూగే.

సందేహాలరావు:
కుటుంబంతో ఆగిపోతే ఎలా? నేనూ ఇక్కడ ఒక పళ్ల ఈగ ఫొటో పెట్టాను, దానికి యాప్ ఏకంగా డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అని జాతి పేరే చెప్పింది.

రెక్కల_లెక్క:
మీది ఆడదండీ. మెలనోగాస్టర్, దాని దగ్గరి చుట్టం సిమ్యులాన్స్ ఆడ ఈగలు పక్కపక్కన పెట్టినా పైకి ఒకేలా ఉంటాయి. మగవాటిలో అయితే జననాంగం ఆకారంలో తేడా తెలుస్తుంది, అదీ మైక్రోస్కోప్ కింద. యాప్ తనకు ఎక్కువగా చూపించిన పేరే చెబుతుంది. అలాగని అన్నీ ఇంత మొండివి కావు. పళ్ల ఈగల్లోనే సుజుకీ అనే జాతి మగ ఈగకి రెక్క చివర నల్ల చుక్క ఉంటుంది, జాప్రియోనస్ అనే రకానికి వీపు మీద తెల్ల చారలు. ఫోరిడేలో మెగాసేలియా అనే ఒక్క ప్రజాతిలోనే (దగ్గరి జాతుల గుంపులోనే) వెయ్యికి పైగా జాతులున్నాయి, ఫొటోతో వాటి జోలికి నేను వెళ్లను.

పాతకెమెరా:
నా దగ్గర 'ఫోరిడే, ఇంకేమీ తెలీదు' అని ఒక ఫోల్డరే ఉంది. మంచుబిందువు గారూ, నీళ్లు పోయే జాలీ తీసి లోపల జిగట పట్టిందేమో చూడండి. వాటి పురుగులు పెరిగేది అలాంటి కుళ్లులోనే.

మంచుబిందువు:
జాలీ తీశాను, ఆ వాసన గురించి రాయను. ఫోరిడే అనే రాసుకున్నాను. ఇప్పుడు పూలకుండీ మట్టి మీద ఇంకోటి తిరుగుతోంది, కాళ్లు పొడుగు, రెక్కలో పంగ ఈనె స్పష్టంగా కనబడుతోంది. డబ్బా తెస్తున్నాను.