హంపీ సంగీత స్తంభాలను జనానికి మూసేయడం న్యాయమేనా?

బురుజు దగ్గర (కర్నూలు):
పోయిన వారం అమ్మను తీసుకుని హంపీ వెళ్ళొచ్చాను. అమ్మ పదో తరగతిలో ఉన్నప్పుడు స్కూలు ఎక్స్‌కర్షన్‌కి వెళ్తే, విఠ్ఠలాలయం మహామండపంలో గైడు సన్నటి చందనం పుల్లతో రాతి కంబాన్ని తట్టి వినిపించాడట, తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి రాయికి చెవి ఆనించమన్నాడట. చల్లటి రాయి చెవికి తగలడం, లోపల్నుంచి గంట మోగినట్టు రావడం, నలభై ఏళ్ళుగా ఇదే చెప్తోంది. అది నాకూ వినిపించాలనే ఈ ప్రయాణం పెట్టుకుంది. తీరా వెళ్తే మండపం మీదికి ఎక్కనివ్వడం లేదు. కింద నిలబడి చూసి వచ్చేయడమే. రాతిరథం చుట్టూ కూడా కంచె ఉంది.

కాపలా ఆయన మర్యాదగానే చెప్పాడు, ఆయన్ని తప్పుపట్టను. తట్టనివ్వకండి, సరే. తాకనివ్వకండి, అదీ సరే. కానీ పది మంది చొప్పున లోపలికి పంపి, ఆ చెక్కడాన్ని దగ్గర నుంచి చూడనివ్వడానికి ఏం అడ్డం? అమ్మ మెట్ల దగ్గరే నిలబడి "అదిగో, ఆ మూల నుంచి రెండోది" అని వేలు చూపించి ఊరుకుంది. నాకు చాలా బాధేసింది. మీరేమంటారు?

రాజమండ్రి సివిల్:
మూసేయడం న్యాయమే అంటాను. అమ్మగారి సంగతి చదివి నాకూ బాధగానే ఉంది, అయినా అదే మాట.

ముందు అవి ఎలా మోగుతాయో చూడండి. చాలామంది అనుకునేట్టు అవి బోలు స్తంభాలు కావు. ఒకే రాయిలో మధ్యన లావుపాటి స్తంభం, దాని చుట్టూ సన్నటి కంబాలు చెక్కారు. కంబం పైనా కిందా బిగిసి ఉంటుంది, మధ్యలో విడిగా ఉంటుంది, తడితే వీణ తీగలాగా కంటికి కనపడనంతగా అటూ ఇటూ వంగుతుంది. మనకు వినపడేది ఆ ఊగుడే. కల్పాక్కం ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ కంబాలను పరికరాలతో పరీక్షించి 2008లో పేపర్ రాశారు, వాళ్ళు తేల్చింది కూడా ఇదే. అంటే తట్టిన ప్రతిసారీ రాయి వంగుతోందన్నమాట. ఇనుము వంగి మళ్ళీ సర్దుకుంటుంది. రాయికి ఆ ఓర్పు లేదు. ఎక్కడో వెంట్రుకంత పగులు ఉంటే చాలు, దెబ్బ దెబ్బకీ అది సాగుతుంది.

పైగా అవి మామూలు రాళ్ళు కావు, కాలిన రాళ్ళు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరాన్ని దోచి తగలబెట్టారు. మంటకు కాలిన గ్రానైటు పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపల పొర వదిలేస్తుంది. అక్కడి మండపాల్లో పాత దూలాల కింద కొత్తగా కట్టిన దిమ్మెలు ఆసరాగా నిలబెట్టి ఉంటాయి, మీరు చూసే ఉంటారు. అలాంటి కప్పు కింద జనాన్ని తిప్పమంటే నేనైతే సంతకం పెట్టను.

రాతిరథం సంగతీ అంతే. దాని చక్రాలు ఒకప్పుడు తిరిగేవి. వచ్చినవాళ్ళంతా తిప్పి తిప్పి అరగదీస్తుంటే సిమెంటుతో బిగించేశారు. మనం తిప్పబట్టే కదా ఇవాళ అవి తిరగడం లేదు!

చిత్రావతి ఒడ్డు (హిందూపురం):
సివిల్ గారూ, ఆ లెక్కన మా లేపాక్షిలో వేలాడే స్తంభం దగ్గరా తాడు కట్టేయాలా? రోజూ జనం వచ్చి దాని కింద తువ్వాలు పోనిచ్చి అవతలి వైపు లాగుతారు. చిన్నప్పుడు మా అవ్వ చీర కొంగు ఇటు నుంచి పంపితే అటు కూర్చుని నేను అందుకున్నాను. వీరభద్రుడి గుడి మీద నాకు అభిమానం మొదలైంది అక్కడే, పుస్తకం చదివి కాదు. పైకప్పు బొమ్మల్ని తలెత్తి చూడటం ఆ తర్వాతే నేర్చుకున్నా.

దూరం నుంచి చూస్తే ఏం తెలుస్తుందండీ? రాతిరథమే తీసుకోండి, 50 రూపాయల నోటు మీద అందరూ చూసిందే. ముందు రెండు ఏనుగులు లాగుతున్నట్టు ఉంటాయి కదా. దగ్గరికి పోయి వాటి వెనక చూస్తే గుర్రాల వెనక కాళ్ళు, తోకలు మిగిలి ఉంటాయి. అంటే అక్కడ మొదట ఉన్నవి గుర్రాలు, ఏనుగుల్ని తర్వాత తెచ్చి పెట్టారు. కంచె అవతల నిలబడి సెల్ఫీ దిగి పోయేవాడికి ఇది ఎప్పటికి తెలిసేను? కళ్ళకు దూరమైనది మనసుకూ దూరమే. అటువంటి దాన్ని రేపు ఎవడైనా పాడుచేస్తుంటే అడ్డం పోయి ఆపేదెవరు?

రాజమండ్రి సివిల్:
గుర్రాల సంగతి నాకు తెలియదండీ, ఈసారి వెళ్తే చూస్తాను. కానీ దగ్గరికి పోనిస్తే ప్రేమ పుడుతుందన్నది అందరి విషయంలో నిజం కాదు. 2019లో హంపీలోనే ఒక విష్ణ్వాలయం దగ్గర కొందరు కుర్రాళ్ళు నిలబడి ఉన్న స్తంభాన్ని తోసి పడేస్తూ వీడియో తీసుకున్నారు. కోర్టు ఒక్కొక్కరికి 70 వేలు జరిమానా వేసి, వాళ్ళ చేతనే స్తంభాలు మళ్ళీ నిలబెట్టించింది. అక్కడ తాడూ లేదు, కంచే లేదు, కావలసినంత దగ్గరికి వెళ్ళారు. జరిగిందేమిటో చూశాం.

హోసపేట వాసి:
నేను ఇక్కడే పుట్టి పెరిగినోణ్ణి. మా నాయన ఇరవై ఏళ్ళు గైడు పని చేసినాడు. కర్నూలు అన్నా, మీ అమ్మగారికి వినిపించింది ఆయన కాకపోవచ్చు గానీ అలాంటి చందనం పుల్ల మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, దేవుడి గూట్లో పెట్టుకున్నాడు.

మా నాయనే చెప్తాడు, పుల్లతో తట్టినంత కాలం ఏమీ కాలేదని కాదు, కానీ అసలు చెరుపు ఆయన వెనక వచ్చినవాళ్ళతో జరిగిందని. గైడు అటు తిరగ్గానే తాళంచెవితో ఒకడు, రూపాయి బిళ్ళతో ఇంకొకడు, చేతికున్న కడియంతో కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ కంబాలు నేను చాలాసార్లు దగ్గరగా చూసినాను. మనిషి రొమ్ము ఎత్తులో చుట్టూ నల్లగా, నూనె పూసినట్టు మెరుస్తుంటుంది, అదంతా చేతుల జిడ్డు. అంచుల్లో కందిగింజంత పెచ్చులు లేచినాయి. పెచ్చు లేచిన చోట లోపలి రాయి తెల్లగా, కొత్తగా కనిపిస్తుంది. అది చూసినాక తట్టమని ఎవరికీ చెప్పబుద్ధి కాదు.

అయితే సివిల్ అన్నా, మూసేస్తే కాపాడినట్టేనా? విరూపాక్ష గుడి ముందు బజారు మండపాల్లో మావాళ్ళు తరాలుగా కాపురాలు, అంగళ్ళు పెట్టుకుని ఉంటే 2011 జులైలో ఖాళీ చేయించినారు. 300 పైన కుటుంబాలు. కట్టడాల రక్షణ కోసమే అన్నారు. 2024 మే నెల వానలకు అదే వీధిలో మండపం కొంత కూలింది. మనుషులు లేకుండా పోయినారు, రాయి మాత్రం నిలిచిందా? ఉన్నవాళ్ళు మండపాలను పాడుచేసినారన్న మాటలో నిజం లేకపోలేదు, గోడలు కట్టినారు, సున్నాలు కొట్టినారు, ఒప్పుకుంటాను. కానీ మనిషి ఉంటే కప్పు కారుతోందని ఎవరో ఒకరు అరుస్తారు. ఎవరూ తిరగని మండపంలో కారినా, పగిలినా చెప్పే నోరే ఉండదు.

నా బాధ అదే. మహామండపం మూసినారు, మంచిది. ఏ స్తంభానికి ఏం వైద్యం చేస్తున్నారు, ఎన్నాళ్ళు పడుతుంది, ఎప్పుడు తెరుస్తారు? అక్కడే బోర్డు మీద కన్నడంలో, తెలుగులో రాసి పెడితే తిరిగిపోయేవాళ్ళకు ఇంత నొప్పి ఉండదు. ఆసుపత్రిలో మనిషిని చేర్చినా డాక్టరు బయటికొచ్చి నాలుగు మాటలు చెప్తాడు కదా.

రాజమండ్రి సివిల్:
హోసపేట అన్నా, మీ మాటకు ఎదురు చెప్పలేను. మా పనిలోనూ మరమ్మతు మొదలుపెట్టిన రోజు, ముగించే రోజు బోర్డు మీద రాయాల్సిందే. ఇంకో మాట. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం, పగులుంటే శబ్దం మారిపోతుంది. ఈ కంబాలకూ అదే సూత్రం. ఏడాదికోసారి నిపుణులు మెత్తటి పరికరంతో తట్టి ఒక్కో కంబం స్వరం రాసి పెట్టుకుంటే, ఏది చెడుతోందో కంటికి కనపడక ముందే చెవికి తెలుస్తుంది. ఆ రికార్డింగే జనానికి వినిపించొచ్చు.

చిత్రావతి ఒడ్డు:
రికార్డింగ్ ఫోన్లో ఇంట్లో కూర్చుని కూడా వినొచ్చు కదండీ, దానికి హంపీ దాకా ఎందుకు? ఆ అమ్మగారు నలభై ఏళ్ళు మోసుకు తిరిగింది చప్పుడును ఒక్కటే కాదు, చెవికి తగిలిన రాయి చల్లదనాన్ని.

బురుజు దగ్గర:
అందరి మాటలూ రాత్రి అమ్మకు చదివి వినిపించాను. కంబాల మీద పెచ్చుల సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. నేనూ నా మాట కొంత మార్చుకుంటున్నాను, ఆ కప్పు కిందికి పది మందిని కూడా పంపక్కర్లేదు.

కానీ హిందూపురం వారి మాట కొట్టేయలేను, రాయిని తాకి తెలుసుకునేది ఒకటి ఉంది. నాకొకటి తోచింది. మా ఆళ్ళగడ్డలో తరతరాలుగా రాతి విగ్రహాలు చెక్కే శిల్పులున్నారు. వాళ్ళ చేత, కల్పాక్కం వాళ్ళ కొలతలతో, అదే రకం గ్రానైటులో ఒక్క స్తంభం చుట్టూ కంబాలతో చెక్కించి హంపీ పక్కనే ఉన్న కమలాపురం మ్యూజియంలో నిలబెట్టండి. విఠ్ఠలాలయం దగ్గర కొన్న 40 రూపాయల టికెట్టుతోనే అదే రోజు ఆ మ్యూజియం కూడా చూడొచ్చు. పిల్లలు పుల్లతో తట్టుకుంటారు, చెవి ఆనించుకుంటారు. అరిగిపోతే ఇంకొకటి చెక్కిస్తాం. ఫ్రాన్స్‌లో లాస్కో గుహలో ఆదిమానవులు గీసిన బొమ్మలు జనం ఊపిరికే చెడిపోతున్నాయని 1963లో మూసేసి, దగ్గర్లోనే నకలు గుహ చేసి 1983లో తెరిచారు. గుహకే నకలు చేసినప్పుడు ఒక స్తంభం ఎంత పని?

చిత్రావతి ఒడ్డు:
నకలు నకలే. కానీ మన శిల్పి మళ్ళీ రాయిని మోగించగలిగితే అది నకలు అనిపించుకోదేమో. దీనికైతే నేను సరే.

హోసపేట వాసి:
నాయనకు చెప్తే లేచి కూర్చున్నాడు. చెక్కేవాళ్ళు వస్తే ఏ కంబం ఏ స్వరమో తనకు గుర్తున్నంత వరకు చెప్తానంటున్నాడు.

బురుజు దగ్గర:
అన్నా, అమ్మ ఆ రోజు విన్న స్వరాన్ని ఇవాళ పొద్దున గొంతుతో పలికి వినిపించింది, ఫోన్లో రికార్డు చేశాను. మీకు మెసేజ్‌లో పంపిస్తున్నా. మీ నాయనగారికి ఒకసారి వినిపించి, మూల నుంచి రెండోదేనా కాదా అడగండి.