శ్రీశ్రీ పాదంలో ఆ దీర్ఘం ఉందా, లేదా?

గోదావరిగట్టు: పిల్లల పత్రికకి అమిస్తాద్ ఓడ మీద బానిసల తిరుగుబాటు కథ రాస్తున్నా. మొదట్లో ‘దేశచరిత్రలు’ నుంచి ఓ ముక్క పెడదామంటే ‘పరస్పరహరణోద్యోగం’ అని నోటికొస్తోంది. పుస్తకం ఎవరో పట్టుకెళ్లారు. హరణమా, ఆహరణమా?

యతిప్రాస: ‘పరస్పరాహరణోద్యోగం’. మాత్రలు లెక్కేయండి. ‘నరజాతి చరిత్ర సమస్తం’ 14, ‘పరపీడన పరాయణత్వం’ 14. దీర్ఘం తీస్తే మీది 13కి పడిపోతుంది.

పాతపుస్తకం: లెక్క సరే, అర్థమో? ఆహరణమంటే యజ్ఞానికి సమిధలు తేవడం లాంటిది. మనుషుల్ని ఎత్తుకెళ్తే హరణమే. సీతాహరణం లేదూ?

యతిప్రాస: సీతాహరణంలో దీర్ఘం సీతది మాష్టారూ :)

కాకినాడకాజా: నా పేచీ దీర్ఘంతో కాదు, ‘పరస్పర’తో. 1781లో జాంగ్ ఓడ మీంచి 130 మందిదాకా బానిసల్ని సముద్రంలోకి తోసేశారు. లివర్‌పూల్ యజమానులు తలకి 30 పౌండ్ల బీమా అడిగారు. రోగంతో పోతే నష్టం యజమానిది, తిరగబడితే చంపామంటే బీమావాడిది. సరుకు లెక్కే అంతా. ఇందులో పరస్పరం ఏముంది? ఆ కవితలోనే ‘బలవంతులు దుర్బల జాతిని’ అని ఉంది, అది పెట్టుకోండి.

యతిప్రాస: 1783లో కోర్టుకెక్కింది యజమానీ బీమావాడూ కదండీ. పరస్పరం వాళ్లిద్దరి మధ్యే!

పాతపుస్తకం: ఇది మాత్రం బాగుంది. అయినా హరణమే.

గోదావరిగట్టు: ‘బలవంతులు’ పెడితే నా కథ తిరగబడుతుంది. 1839లో సెంగ్బే పియె, తోటివాళ్లు సంకెళ్లు విప్పుకుని కెప్టెన్ని చంపి ఓడ పట్టుకున్నారు. ఆఫ్రికాకి నడపమని మోంటెస్ అనే తోట యజమానిని ప్రాణాలతో ఉంచితే, వాడు పగలు తూర్పుకి, రాత్రి అమెరికా వైపుకి తిప్పాడు. 1841లో అమెరికా సుప్రీంకోర్టు సెంగ్బే వాళ్లని విడిచిపెట్టింది. 53 మందిలో 35 మందే ఇల్లు చేరారు. అన్నట్టు అమిస్తాద్ అంటే స్పానిష్‌లో స్నేహం!

కాకినాడకాజా: అయితే శీర్షిక ‘స్నేహం ఓడ పితూరీ’ అనండి.

గోదావరిగట్టు: పితూరీ అంటే మా పిల్లలకి టీచర్‌కి చెప్పే చాడీ అండీ.

కాకినాడకాజా: మన్యంలో అడగండి, తిరుగుబాటంటారు. రంప పితూరీ చాడీయా?

పాతపుస్తకం: అసలది ‘ఫితూరీ’. ఫ పోయి ప ఎప్పుడొచ్చిందో తేల్చాలి ముందు.