అమ్మ పిల్లి వద్దంటోంది, ఏం చూపించి ఒప్పించాలి?

బెజవాడ_మేడ:
విజయవాడలో మూడో అంతస్తు, రెండు పడకగదుల ఫ్లాట్. ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. అమ్మ అనేవి ఇవి: ఇల్లు కంపు కొడుతుంది, వంటింట్లోకీ దేవుడి గదిలోకీ దూరుతుంది, నాన్నకి అసలే ఆయాసం, చివరికి చాకిరీ అంతా నా నెత్తినే పడుతుంది. నాది డిగ్రీ రెండో ఏడు. అన్నీ నేనే చూసుకుంటానంటే నమ్మట్లేదు.

తులసికోట:
ముందు నాన్నగారి ఆయాసం సంగతి తేల్చండి, మిగతావన్నీ తర్వాత. అలర్జీ తెప్పించేది బొచ్చు కాదు, పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ఒక ప్రోటీన్. ఒళ్లు నాకినప్పుడు అది వెంట్రుకలకు అంటి, ఎండి, గాల్లో కలుస్తుంది. అందుకే పొట్టి బొచ్చు పిల్లయినా తేడా ఉండదు, 'అలర్జీ రాని జాతి' అని అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. డాక్టరుని అడిగి పిల్లి అలర్జీకి చర్మ పరీక్ష చేయించండి. పడదని తేలితే అమ్మ మాటే ఖాయం.

ఇక కంపు. అది పిల్లి ఒంటి వాసన కాదు, ఎత్తకుండా వదిలేసిన ఉచ్చ వాసన. పిల్లి దొడ్డికీ ఉచ్చకీ బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బు, సుమారు 50 సెంటీమీటర్ల పొడవుది, సరిపోతుంది. అందులో తడికి గడ్డకట్టే రకం బెంటొనైట్ లిట్టర్ (పిల్లి టబ్బులో పోసే బంకమట్టి గుళ్లు) 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన పోయాలి. అంతకన్నా పల్చగా పోస్తే తడి అడుగుకి దిగి టబ్బుకి అంటుకుపోతుంది, కంపు అక్కడే మొదలు. పొద్దునా రాత్రీ చిల్లుల గరిటెతో గడ్డలు తీసేసి కాగితంలో చుట్టి చెత్తలో వేయండి. టాయిలెట్లో మాత్రం పోయొద్దు, ఆ మట్టి నీళ్లకి ఉబ్బి పైపు పూడుకుపోతుంది. సెంటు లిట్టర్ కొనకండి, ఆ ఘాటుకి చాలా పిల్లులు టబ్బు మానేసి పరుపు మీద పోస్తాయి. ఒక పిల్లికి రెండు టబ్బులుంటే మేలు, రెండూ తిండి గిన్నెకి దూరంగా.

గండుపిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించకపోతే గోడలకీ తలుపులకీ ఉచ్చ చిమ్ముతుంది, ఆ వాసన తేలిగ్గా పోదు. ఐదారు నెలల వయసులోనే చేయించాలి.

పెరటి_వేప:
శాకాహారుల ఇల్లు కాబట్టి తిండి సంగతి దాచకుండా చెప్పండి. పెరుగన్నం మీద పిల్లి బతకదు. టారిన్ అనే పోషకం దానికి తిండిలోనే అందాలి, శాకాహారంలో అది దాదాపు ఉండదు, అది లేకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. పాలు కూడా పెద్ద పిల్లులకి చాలావాటికి అరగవు, విరేచనాలవుతాయి. ఇంట్లో వండనక్కర్లేదు, పిల్లుల కోసం కొట్లో అమ్మే పొడి గుళికలు చాలు. 4 కిలోల పిల్లికి రోజుకి 50, 60 గ్రాములు, అంటే నెలకి రెండు కిలోల లోపే. డబ్బా, గిన్నె, చిన్న పీచు బాల్కనీలో విడిగా పెట్టి అక్కడే కడగండి. అమ్మ సింకులోకి అవి రాకపోతే సగం గొడవ ఉండదు. వంటింటికీ దేవుడి గదికీ స్ప్రింగు ఉన్న దోమతెర తలుపు బిగించండి, 'రావద్దు' అంటే పిల్లి వినదు.

అమ్మని అడగాల్సింది ఒకటుంది, ఫినాయిల్. నీళ్లలో పోస్తే తెల్లగా పాలలా అయ్యే రకం పిల్లికి విషం. తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, అందులోని ఫినాల్‌ని విరిచే శక్తి దాని కాలేయానికి చాలదు. సబ్బునీళ్లతో తుడిచి మళ్లీ మంచినీళ్లతో తుడిస్తే సరి. పారాసిటమాల్ మాత్ర కూడా పిల్లి ప్రాణం తీస్తుంది, కింద పడనివ్వొద్దు.

మూడో అంతస్తు అన్నారు. తెచ్చే ముందే బాల్కనీకి వల కట్టించండి. పావురాల నైలాన్ వలని కొన్ని పిల్లులు కొరికేస్తాయి, సన్న కన్నాల ఇనుప జాలీ నమ్మకం.

చాపకింద_నీరు:
అమ్మ అసలు భయం చాకిరీ, అందులో న్యాయముంది. పిల్లి పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుంది. మీ డిగ్రీ ఏడాదిన్నరలో అయిపోతుంది. ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తే పిల్లి మీతో వస్తుందా, ఇంట్లో ఉంటుందా? దీనికి జవాబు లేకుండా అడగకండి.

కాగితం మీద రాయండి: పొద్దున టబ్బులో గడ్డలు ఎవరు ఎత్తుతారు, పరీక్షలప్పుడు ఎవరు, నెల ఖర్చు ఎంత (మీ వీధి కొట్లో ధరలు అడిగి), రేబిస్ టీకా, మూడు జబ్బుల టీకా ఎప్పుడు. చెప్పకుండా తెచ్చేసి 'చూస్తే కరిగిపోతుంది' అనుకోవద్దు. అమ్మ కాదంటే రోడ్డున పడేది పిల్లే. కూన బదులు ఏడాది దాటి, ఆపరేషన్ అయిన నాటు పిల్లిని చూడండి. పొడుగు బొచ్చు పర్షియన్ జాతి పిల్లిని రోజూ దువ్వకపోతే బొచ్చు ఉండలు కడుతుంది. దిక్కులేని పిల్లుల్ని కాపాడే రెస్క్యూ వాళ్లని అడిగి ఒకదాన్ని మూడు వారాలు తాత్కాలికంగా ఉంచుకోండి, 'నచ్చకపోతే ఫలానా తేదీన తిరిగిచ్చేస్తాను' అని అమ్మకి ముందే చెప్పి.

బెజవాడ_మేడ:
అన్నీ రాసుకున్నాను. ఇంకోటి. అక్కకి ఐదో నెల, పురిటికి ఇక్కడికే వస్తుంది. పిల్లి వల్ల కడుపులో బిడ్డకి ప్రమాదమని అమ్మ అంటోంది.

తులసికోట:
అమ్మ భయం ఉత్తది కాదు, ఆ ప్రమాదం తెచ్చేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. పిల్లి మలంలో వచ్చే దాని గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి రోజూ ఎత్తేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. అక్క టబ్బు జోలికి వెళ్లకూడదు, పిల్లికి పచ్చిమాంసం పెట్టకూడదు. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, తోటమట్టి నుంచీ ఇదే వస్తుంది, అదీ అక్కకి చెప్పండి.

అయినా ఇప్పుడు తేవొద్దు. బాలింత, పసిబిడ్డ, కొత్త పిల్లి, ముగ్గురూ ఒకేసారి అమ్మ చేతిమీద పడతారు. అక్క బిడ్డనెత్తుకుని అత్తారింటికి వెళ్లాక తెస్తానని ఇప్పుడే చెప్పేయండి. ఈలోపు బాల్కనీ జాలీ, దోమతెర తలుపులు బిగించి ఉంచండి.