ఫిల్మ్ రోలర్ మీద వంగితే ఛార్జ్ వస్తుందా? రివైండర్ దగ్గర షాక్ కొడుతోంది

కవర్ మిషన్, రేణిగుంట:
అందరికీ నమస్తే. తాండ్ర ప్యాకింగ్ కోసం 50 మైక్రాన్ల ఎల్‌డీపీఈ (పాలిథిన్) ఫిల్మ్‌ను పట్టీలుగా కోసే స్లిట్టింగ్ చేస్తున్నాం, నిమిషానికి 80 మీటర్లు. ఎండలు ముదిరేకొద్దీ, కోసిన ఫిల్మ్‌ను మళ్లీ చుట్టే రివైండర్ దగ్గర చెయ్యి పెడితే చురుక్కుమంటోంది, అంచులు రోలుకు అతుక్కుని మడత పడుతున్నాయి. నవంబరు వానల్లో ఈ బాధ ఉండదు. మిషన్ బాడీకి ఎర్తింగ్ ఇచ్చినా తేడా లేదు. ఐడ్లర్ రోలర్లు (మోటారు లేనివి) ఫిల్మ్‌తోపాటే తిరుగుతాయి, రుద్దుడే లేదు, మరి ఛార్జ్ ఎక్కడిది? వంగినా ఛార్జ్ పుడుతుందని చదివాను. 75 మి.మీ. వ్యాసం రోలర్లు తీసి పెద్దవి వేస్తే తగ్గుతుందా?

ఫిజిక్స్ పంతులు, తిరుపతి:
రోలర్లు మార్చొద్దు సామీ, డబ్బు దండగ.

ఛార్జ్‌కు రుద్దుడు అక్కర్లేదు, తాకి విడిపోతే చాలు. తాకిన చోట ఛార్జ్ ఒక వైపు నుంచి ఇంకోవైపుకు పోతుంది. రుద్దితే నిజంగా తాకే చోట్లు పెరుగుతాయి, అంతే. ఒక సెల్లోటేప్ ముక్క మీద ఇంకో ముక్క అంటించి, జంటను బల్ల మీంచి లేపి, పాత ఛార్జ్ పోయేలా వేలితో ఒకసారి నిమిరి, చటుక్కున విడదీయండి. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఇందులో ముక్కలు ఒకదాన్నొకటి రుద్దుకున్నది ఏమీ లేదు. మీ రోలు విప్పుకునే చోట జరిగేదీ ఇదే.

వంపు సంగతి నిజమే, కానీ మీరనుకునే వంపు కాదు. దాన్ని ఫ్లెక్సోఎలక్ట్రిసిటీ అంటారు. ఫిల్మ్ వంగితే బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుంటుంది. మందం వెంట ఆ సాగుడు మారే తీరు వల్ల ధ్రువణత (ధన, రుణ ఛార్జ్‌లు చెరో వైపు జరగడం) పుడుతుంది. మీ రోలర్ వ్యాసార్థం 0.0375 మీటర్లు కాబట్టి దాని మీద ఆ మార్పు మీటరుకు 1/0.0375, అంటే సుమారు 27. అదే ఉపరితలం మీద 10 నానోమీటర్ల గరుకు మొన నొక్కుకుని 5 శాతం వంగితే మీటరుకు 50 లక్షలు, లక్ష రెట్లకు పైనే. 2019లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు చెప్పింది ఈ మొనల వంపు గురించే. ఒకే పదార్థం రెండు ముక్కలు తాకినా ఛార్జ్ ఎందుకొస్తుందో దీంతో కొంత అర్థమవుతుంది. వాదన ఇంకా తెగలేదు. 2025లో ఆస్ట్రియా పరిశోధకులు ఒకే సిలికోన్ ముక్కల్లో ఎక్కువసార్లు తాకినది రుణ ఛార్జ్ వైపు పోతోందని చూపించారు.

మెయింటెనెన్స్ మామ, చిత్తూరు:
సిద్ధాంతం సార్ చెప్పారు, నేను మిషన్ చెబుతా.

ఎర్తింగ్ లోహంలోని ఛార్జ్‌నే లాగుతుంది. పాలిథిన్ ఇన్సులేటర్, దాని మీది ఛార్జ్ కదిలి ఎర్త్ దాకా రాదు. అయినా ఎర్తింగ్ తీసెయ్యొద్దు. బేరింగ్ గ్రీజు వల్ల కొన్ని రోలర్లు తిరిగేటప్పుడు ఎర్త్‌కు తెగిపోతాయి, ఆగితే మీటర్‌లో బాగానే కనిపిస్తాయి. కార్బన్ బ్రష్ పెట్టండి.

ఫిల్మ్ మీది ఛార్జ్‌ను గాలిలోని అయాన్లతోనే (ఛార్జ్ ఉన్న గాలి కణాలతోనే) చంపాలి. రివైండర్‌కు ముందు చివరి ఐడ్లర్ దాటాక, ఫిల్మ్ గాలిలో ఉన్న చోట సూదుల నుంచి అయాన్లు వదిలే ఏసీ స్టాటిక్ బార్ బిగించండి, దూరం 25 నుంచి 50 మి.మీ. వెనక లోహం దగ్గరగా ఉండకూడదు, అయాన్లన్నీ దాని వైపే పోతాయి. రోలు విప్పే అన్‌వైండర్ దగ్గర ఒక్కటి పెట్టి ఊరుకుంటే లాభంలేదు, ప్రతి రోలర్ మళ్లీ ఛార్జ్ పెడుతుంది. సూదులకు దుమ్ము పడితే బార్ పనిచేయనట్టే, వారానికోసారి కరెంటు ఆపి మెత్తటి బ్రష్‌తో తుడవండి. చవగ్గా అయితే రాగి తీగల టిన్సెల్‌ను ఎర్త్ చేసి ఫిల్మ్‌కు తాకకుండా 5-10 మి.మీ.లో సాగదీయొచ్చు. అది సున్నాకు తేదు, కొన్ని కిలోవోల్టులు మిగులుతాయి.

ఛార్జ్ చూసే ఫీల్డ్ మీటర్ ఉంటే రోలర్ మీద చూడొద్దు, దొంగ లెక్క వస్తుంది. రెండు రోలర్ల మధ్య, 25 మి.మీ. దూరంలో చూడండి.

కవర్ మిషన్, రేణిగుంట:
ధన్యవాదాలు మామా. ఇంకో లైన్లో ప్రింటింగ్ కూడా ఉంది, సాల్వెంట్ ఇంకు. అక్కడా పెట్టాలా? ఫిల్మ్ ఊదేటప్పుడు గుళికల్లో కలిపే యాంటీస్టాటిక్ మాస్టర్‌బ్యాచ్ (ఛార్జ్ తగ్గించే మందు) కలిపితే సరిపోదా?

మెయింటెనెన్స్ మామ, చిత్తూరు:
ప్రింటింగ్‌లో ముందు అదే చూడు. మనిషి శరీరం 150 పికోఫారడ్లు అనుకో. 10 కిలోవోల్టులు ఎక్కితే ఏడున్నర మిల్లీజౌళ్లు. టోలుయీన్ ఆవిరి అంటుకోవడానికి పావు మిల్లీజౌల్ చాలు. అక్కడ మామూలు బార్ వద్దు, సాల్వెంట్ చోటుకు తగిన సర్టిఫికెట్ ఉన్నదే వాడాలి. రబ్బరు చెప్పులూ వద్దు.

మాస్టర్‌బ్యాచ్ పనిచేస్తుంది, కానీ ఫిల్మ్ ఊదిన రోజే కాదు. అందులోని మందు గ్లిసరాల్ మోనోస్టియరేట్ ఫిల్మ్ పైకి వచ్చి తేమ పట్టుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. రోహిణి కార్తెలో గాలిలో తేమే తక్కువ, అందుకే అప్పుడు దాని మీదొక్కదాని మీదే ఆధారపడొద్దు. ఎక్కువ కలిపితే ఇంకు పట్టదు, సీల్ ఊడుతుంది.