కోఠి రెసిడెన్సీని ఏ కాలానికి తిరిగి తీసుకెళ్లాలి?

మూసీ ఒడ్డు:
కోఠి మహిళా కళాశాల పాత భవనాన్ని, అంటే బ్రిటిష్ రెసిడెన్సీని, పాత రూపానికి తెచ్చి చూడడానికి మాత్రమే ఉంచాలా, తరగతులకూ వాడాలా అని మా మిత్రబృందంలో మొదలైన వాదం ఎంతకీ తెగలేదు కనుక ఇక్కడ పెడుతున్నాను. తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా, అంటే ప్రతినిధిగా, ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో ఈ భవనం పని మొదలుపెట్టించాడు. ప్లాను గీసినవాడు మద్రాస్ ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్. 1949లో మహిళా కళాశాల ఇందులోకి వచ్చింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ సంస్థ తోడ్పాటుతోనే తరువాత మరమ్మతులు జరిగాయి. కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు దానికి చాకలి ఐలమ్మ పేరు ఉంది.

నా పక్షం ఇది. ఈ ఇంటి గొప్పదనమంతా దాని కొలతల్లో ఉంది. ఉత్తరం వైపు రెండు సింహాల నడుమ వెడల్పాటి మెట్లెక్కితే, మనిషి ఎత్తుకు ఆరేడు రెట్లుండే తలమీద ఆకుల చెక్కడం ఉండే ఆరు కొరింథియన్ స్తంభాలు, వాటి మీద కంపెనీ రాజచిహ్నం చెక్కిన త్రికోణపు నుదురు, దాటి లోపలికి వెళ్తే రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు, ఆపైన రెండుగా చీలి పైకి వెళ్లే మెట్లు; ఇదంతా ఒకదాని తరువాత ఒకటిగా మనిషిని లోపలికి నడిపించేలా కట్టినది. అటువంటి చోట చెక్క అడ్డుగోడ ఒక్కటి నిలబెట్టినా ఆ నడక తెగిపోతుంది. కాబట్టి కళాశాల కాలంలో చేరిన ప్రతిదాన్నీ తీసేసి, భవనాన్ని కిర్క్‌పాట్రిక్ నాటి రూపానికి తెచ్చి, చూడడానికి మాత్రమే ఉంచాలి. తరగతులకు కొత్త భవనాలు ఉన్నాయి కదా.

పూర్వ విద్యార్థిని:
మూసీ ఒడ్డు గారూ, మీరు వర్ణించిన నడకను నేను మూడేళ్లపాటు రోజూ నడిచాను, చేతిలో టిఫిన్ డబ్బాతో. 1980లలో నేను అక్కడ బి.ఎ. చదివాను. ఎత్తైన ఆ గదుల్లో మేడం గారు ఒక వాక్యం పూర్తిచేసి ఆగితే, చివరి మాట పైకప్పు దాకా వెళ్లి తిరిగివచ్చేది. అందుకని ఆవిడ ప్రతి వాక్యం తరువాత కాసేపు ఆగడం అలవాటు చేసుకున్నారు, మాకు నోట్సు రాసుకోవడానికి అదే వ్యవధి. వాస్తుశిల్పం అన్న మాట అప్పటికి మాలో ఎవరికీ తెలియదు గానీ, ఎత్తు అనేది గొంతును ఏం చేస్తుందో మాత్రం చెవులతో నేర్చుకున్నాం.

ఇప్పుడు లెక్క చూడండి. రెసిడెంట్లు ఆ ఇంట్లో ఉన్నది దాదాపు 140 ఏళ్లు. కిర్క్‌పాట్రిక్ మాత్రం 1805 అక్టోబరులో కలకత్తాలో కన్నుమూశాడు, అంటే పని మొదలయ్యాక రెండు మూడేళ్లు. ఆడపిల్లలు చదువుకున్నది ఆ రెండు మూడేళ్లకు ఎన్నో రెట్లు. తక్కువ కాలం ఉన్నవాడి రూపం అసలైనదనీ, డెబ్బై ఏళ్లు ఉన్నవాళ్లది చెత్త అనీ ఎవరు తేల్చారు?

సున్నం గానుగ:
నేను పాత కట్టడాల గచ్చు పని చేయిస్తుంటాను కనుక నాకు తెలిసినంతలో చెబుతాను. ఏ కాలానికి తీసుకెళ్లాలన్న ప్రశ్న కంటే ముందు గోడకు ఏం కావాలన్న ప్రశ్న ఉంది. ఆనాటి గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక కలిపి గానుగలో రాతి చక్రం కింద నలిపి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసి, రోజుల తరబడి మాగబెట్టి వాడేవారు. పై పూతను కోడిగుడ్డు సొనతో కలిపి నున్నటి రాయితో రుద్దితే పాలరాయిలా మెరిసేది. ఇటువంటి గోడ నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మకు బయటికి దారి ఉండదు, లోపలే పైకి ఎగబాకి, ఉప్పు పొడిగా తేలి, పూతను పెళ్లలు పెళ్లలుగా రాలుస్తుంది.

కరీంనగర్ వైపు ఒక పాత గడిలో బడి నడిచేది. పేరు వద్దు. గోడలు గట్టిపడాలని సదుద్దేశంతోనే ఎవరో నడుమెత్తు వరకు సిమెంటు పూయించారు. మేము వెళ్లేసరికి ఆ సిమెంటు చెక్కుచెదరలేదు, దానికి జానెడు పైన ఉన్న సున్నపు పూత మాత్రం వేలితో గీకితే పిండిలా రాలింది. చెమ్మ సిమెంటును దాటి పైకి వెళ్లి అక్కడ బయటపడింది. కాబట్టి వాడుక వల్ల చేరినవన్నీ ఉంచాలన్న మాటకు నేను ఒప్పుకోను. నల్లబల్ల ఉంటే గోడకు నష్టం లేదు, సిమెంటు ఉంటే ఉంది. దేన్ని తీయాలో కాలాన్ని బట్టి కాదు, అది పక్కనున్న సున్నాన్ని ఏం చేస్తోందో చూసి నిర్ణయించాలి.

పాత పటాలు:
మూసీ ఒడ్డు గారు 'కిర్క్‌పాట్రిక్ నాటి రూపం' అన్నారు. ఆ రూపం ఏది? ఆయన తన భార్య ఖైరున్నీసా కోసం అదే ఆవరణలో రంగ్ మహల్ కట్టించాడు. దాన్ని తరువాతి కాలంలో పడగొట్టేశారు. ముందు కొరింథియన్ స్తంభాల ఇల్లు, వెనుక తోటల మధ్య మొగలాయి పద్ధతి జనానా, అంటే ఆడవాళ్ల నివాసం: ఈ రెండూ కలిసి ఉన్నదే ఆయన నాటి రెసిడెన్సీ. సగం లేనప్పుడు మిగిలిన సగానికి సున్నం పూసి, ఇదే 1805 అని చెబితే అది అబద్ధం కాకపోయినా నిజం మాత్రం కాదు. బేగం తోటలో ఈ భవనానికే చేయించిన చిన్న నమూనా ఉంది. ఘోషాలో ఉండే బేగం ముందువైపుకు రాలేదు కనుక ఆమె చూడడానికి చేయించాడని ఊళ్లో చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, జనానా ఆడవాళ్లు అడుగుపెట్టని ముఖద్వారం గుండా తరువాత వేలమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని నడిచారన్నది కళ్లెదుట జరిగిన సంగతి.

ఇంకొకటి. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, అంటే ఆఫ్ఘన్ మూలాలున్న యోధులు, ఈ రెసిడెన్సీ మీద దాడి చేశారు, ఆ తరువాత ప్రహరీని బలపరిచి బురుజులు పెట్టారు. కిర్క్‌పాట్రిక్ నాడు అవి లేవు. వాటినీ తీసేద్దామా? హైదరాబాదు చరిత్రలో ఆ దాడికి ఉన్న గుర్తును చెరపడానికి మీరే ఒప్పుకోరు. కట్టడాల పరిరక్షణకు ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా అన్ని కాలాల విలువైన చేర్పులనూ గౌరవించాలనీ, ఒకే శైలిని సాధించడం పునరుద్ధరణ లక్ష్యం కాదనీ చెబుతుంది. సమాజానికి పనికివచ్చే వాడుకలో ఉంచడం కట్టడానికి మేలు చేస్తుందని కూడా అంటుంది, ప్లానునూ అలంకరణనూ మార్చనంతవరకు.

దీన్ని ఇంగ్లీషు ఇల్లు అనడం కూడా నాకు సగమే నచ్చుతుంది. నమూనా ఇంగ్లీషుదే, కలకత్తాలో 1803 నాటికి పూర్తయిన గవర్నమెంట్ హౌస్, అంటే గవర్నర్ జనరల్ నివాసం, పోకడే. ఖర్చు మాత్రం నిజాంది. మొదట చూపిన స్థలం పటం మరీ పెద్దదిగా ఉండి, అది తన రాజ్యం పటమంత ఉందని నిజాం ఒప్పుకోలేదనీ, అదే స్థలాన్ని చిన్న కార్డు మీద గీసి చూపిస్తే వెంటనే ఒప్పుకున్నాడనీ ఒక కథ ఉంది. పటాల పిచ్చి ఉన్నవాణ్ని కనుక నాకు ఇది మహా ఇష్టం.

మూసీ ఒడ్డు:
బురుజుల దగ్గర నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. వెనిస్ చార్టర్ ముందు భాగం మీకు బలమైతే, 'ప్లానునూ అలంకరణనూ మార్చనంతవరకు' అన్న చివరి భాగం నాకు బలం. తరగతి అంటే బెంచీలు మాత్రమే కాదు. ఫ్యానుకు కొక్కెం కావాలి, కొక్కేనికి దూలంలో రంధ్రం కావాలి, తీగలకు గోడలో గాడి కావాలి, అరవై మంది ఒకేసారి లేచి ఆ మెట్ల మీదుగా దిగాలి. రెండు వందల ఏళ్ల చెక్క ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టకుండా భావోద్వేగంతో తాళాలు తీయకూడదు. అయితే నా మాటను ఇలా దిద్దుకుంటాను: దర్బారు హాలులో, పై అంతస్తులో తరగతులు వద్దు, కింది పక్క గదుల్లో, గోడలకు ఏమీ తగిలించకుండా, ఇరవై మందికి మించని సెమినార్లు జరగవచ్చు. చరిత్ర విభాగం వాళ్లకు అంతకంటే మంచి గది ఎక్కడ దొరుకుతుంది?

పూర్వ విద్యార్థిని:
ఇరవై మంది అన్నది నాకు సమ్మతమే. దర్బారు హాలులో బెంచీలు వేయమని నేనూ అడగను. కానీ తాళం తీసే హక్కు టిక్కెట్టు కొన్నవారికి మాత్రమే ఉండి, అదే ఆవరణలో చదివే పిల్లకు లేకపోతే మాత్రం ఊరుకోను. గానుగ గారూ, మిమ్మల్ని ఒక చిన్న విషయం అడగాలని ఉంది. నల్లబల్ల తగిలించడానికి కొట్టిన నాలుగు మేకుల రంధ్రాలు గోడలో ఉన్నాయనుకోండి, మీరైతే ఏం చేస్తారు?

సున్నం గానుగ:
ముందు మేకులు పీకేస్తానమ్మా, ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే చుట్టూ గచ్చు పగులుతుంది. రంధ్రాన్ని సున్నంతోనే పూడుస్తాను. పూడ్చినదాన్ని మాత్రం పక్క గోడతో పూర్తిగా కలిసిపోనివ్వను, వెంట్రుకవాసి లోతుగా, రంగులో ఒక్క ఛాయ తేడాగా వదిలేస్తాను. దూరం నుంచి చూసేవారికి గోడ ఒక్కటిగానే ఉంటుంది, దగ్గరికొచ్చి వెతికేవారికి ఆ నాలుగు చుక్కలు కనబడతాయి.