ఏనుగుల ఆశ్రయంలో వాలంటీరుగా: చెల్లిని పంపొచ్చా?

బెళ్ళందూరు అన్న:
మాది అనంతపురం, ఉండేది బెంగళూరులో. మా చెల్లి డిగ్రీ ఫైనలియర్. సర్కసుల్లో, వీధుల్లో హింస పడిన ఏనుగులను తెచ్చి పెట్టే చోట సెలవుల్లో పని చేస్తానంటోంది. మదమెక్కితే ఎలా అని అమ్మ టెన్షన్. సేవ చేయడానికి మనమే డబ్బు కట్టడమేంటని నాన్న. మథురలో ఒకటి, ఇక్కడే మాలూరు దగ్గర ఒకటి ఉన్నాయట. వెళ్ళినవాళ్ళు చెప్పగలరా?

వీకెండ్ రైడర్:
అంత దూరం ఎందుకు బ్రో, కూర్గ్‌లో దుబారే ఉందిగా. కావేరిలో ఏనుగుకు స్నానం చేయించొచ్చు, ఫొటోలు సూపర్.

పలమనేరు అక్క:
దుబారే అటవీశాఖ క్యాంపు తమ్ముడూ. మైసూరు దసరాకు ఏనుగులు అలాంటి క్యాంపుల నుంచే వెళ్తాయి. ఈయన అడిగేది వేరు. ఆశ్రయమని బోర్డు పెట్టి ఎవరు పడితే వాళ్ళను ఏనుగు మీద చెయ్యి వెయ్యనిచ్చే చోటుంటే నేనైతే ముందు అనుమానిస్తాను. కొత్త మనిషి ఒళ్ళు రుద్దుతుంటే అది కదలకుండా నిలబడిందంటే, చాలాసార్లు దాని వెనక అంకుశం భయం ఉంటుంది.

నేను మథుర దగ్గర వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ వాళ్ళ కేంద్రంలో చేశాను. 2010లో మొదలైంది, 2018లో పక్కనే ఏనుగుల ఆసుపత్రి కట్టారు. పొద్దున్నే లద్దె ఎత్తాలి. ఏనుగు రోజుకు 150 కిలోల దాకా తింటుంది, అందులో సగం కూడా అరగదు, మిగతాది మన పారకే. తర్వాత గుమ్మడికాయలు, పుచ్చకాయలు కోయడం, నీళ్ళ తొట్లు కడగడం. ఏనుగును ముట్టుకునేది మావటి, డాక్టరు, అంతే.

నన్ను కట్టిపడేసింది పాదాల వైద్యం. ఏళ్ళ తరబడి తారు రోడ్డు మీద నడిచి, తడి సిమెంటు మీద గొలుసుతో నిలబడితే అరికాలు పగిలి, గోళ్ళ కింద చీము పడుతుంది. కమ్మీల అవతల నుంచి ఏనుగే తనంతట తాను కాలు పైకెత్తి చూపిస్తుంది, ఎత్తినందుకు పండు ఇస్తారు. కొట్టడం లేదు, అరవడం లేదు. గోరువెచ్చని మందునీళ్ళలో కాలు నానబెట్టి, చెడిన చర్మం కొంచెం కొంచెంగా తీస్తారు. ఎన్ని నెలలు పడుతుందో!

మదం మగ ఏనుగులకు వచ్చేది. ఆ రోజుల్లో దాన్ని విడిగా ఉంచుతారు, వాలంటీర్లను దరిదాపులకు రానివ్వరు. అమ్మగారికి అది చెప్పండి. నాన్నగారి ప్రశ్నకు: గడ్డి, మందులు, మావటుల జీతాలు ఎక్కడి నుంచి రావాలండీ? మా నాన్నదైతే ఇంకో గొడవ. మా వైపు కౌండిన్య అడవి ఏనుగులు పంటలు తొక్కుతాయి. ‘ఇక్కడ పొలంలోంచి తరిమేది, అక్కడికెళ్ళి మేపేదా?’ అన్నాడు. ఆయన కోపం తప్పని నేననను.

ఒక్కటి, దగ్గు ఉంటే వెళ్ళొద్దు. టీబీ మన నుంచి ఏనుగుకు, దాని నుంచి మనకూ అంటుతుంది.

బెళ్ళందూరు అన్న:
థాంక్స్ అక్కా. అమ్మకు చదివి వినిపించాను, సగం ఒప్పుకుంది. నాన్న ఇంకా లెక్కలేస్తున్నాడు. ముందు మాలూరు ప్రయత్నిస్తాం. రైలుందా?

పలమనేరు అక్క:
ఉంది, వైట్‌ఫీల్డ్ దాటాక వస్తుంది. కానీ అది జూ కాదు, చెప్పకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపుతారు. దాన్ని నడిపే సంస్థ డబ్ల్యూఆర్‌ఆర్‌సీ, వాళ్ళకు రాసి, రమ్మన్నాకే టికెట్ కొనండి.